క్రేమా దె ఫ్రూతా మన ఎండలకు నిలవాలంటే

పోయిన సంచికలో మామిడిపండు స్వీట్ల గురించి రాస్తూ, ఫిలిప్పీన్స్ వాళ్లు క్రిస్మస్‌కు చేసుకునే క్రేమా దె ఫ్రూతా గురించి రెండు మాటలు చెప్పాను. అడుగున స్పంజి కేకు, దాని మీద కస్టర్డ్, మళ్లీ కేకు, మళ్లీ కస్టర్డ్, ఆ పైన పండ్ల ముక్కలు, అన్నిటికీ పైన అద్దంలా మెరిసే జెల్లీ అని రాశాను, అంతే. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి పేజీ అంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదివి వచ్చింది. అక్కడున్నన్ని రోజులు ప్రతి క్రిస్మస్‌కు ఇంటి ఓనరమ్మ వీళ్లందరినీ పిలిచి క్రేమా దె ఫ్రూతా పెట్టేదట. ఇక్కడికి వచ్చాక తనే రెండుసార్లు చేసింది, రెండుసార్లూ పాడైంది. మొదటిసారి రాత్రి గట్టిగా ఉన్న కస్టర్డ్ తెల్లారేసరికి చారులా పల్చబడింది. రెండోసారి పైన జెల్లీ గడ్డకట్టనే లేదు, పైనాపిల్ ముక్కల చుట్టూ నీళ్లు నిలబడ్డాయి. అప్పటి నుంచి ఇంక చేయనంటోంది. వచ్చే నెల దాని పుట్టినరోజు, నేనే చేసిపెడదామని ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలరా?
ఒక తల్లి, హన్మకొండ

జవాబు: చెల్లెమ్మా, తప్పు తన చేతిలో లేదని ముందు మీ అమ్మాయికి చెప్పండి. రెండుసార్లూ వేర్వేరు కారణాలతో పాడైంది, ఆ కారణాలు తెలియకపోతే ఎవరికైనా అలాగే అవుతుంది.

మొదట కస్టర్డ్ సంగతి. గుడ్డు పచ్చసొన, కార్న్‌ఫ్లోర్ కలిపి చేసే కస్టర్డ్‌ను చాలామంది కొంచెం చిక్కబడగానే దించేస్తారు, ఇంకాసేపు ఉంచితే గుడ్డు విరుగుతుందేమోనని భయం. ఆ భయం వల్లే పాడవుతుంది. పచ్చసొనలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, దాని పనే పిండిపదార్థాన్ని విరగ్గొట్టడం. కస్టర్డ్ సరిగ్గా మరగకపోతే ఆ ఎంజైమ్ చావదు. రాత్రంతా ఫ్రిజ్‌లో కూర్చుని కార్న్‌ఫ్లోర్ కట్టిన పట్టునంతా మెల్లగా విప్పేస్తుంది, పొద్దున చూస్తే చారు. కాబట్టి కస్టర్డ్‌లో పెద్ద పెద్ద బుడగలు బుడుక్ బుడుక్‌మని పైకి రావాలి, వచ్చాక కూడా ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా కలుపుతూ పొయ్యి మీదే ఉంచాలి. కార్న్‌ఫ్లోర్ ఉన్నంతసేపు గుడ్డు అంత తేలిగ్గా విరగదు, ధైర్యంగా మరిగించండి. కార్న్‌ఫ్లోర్ లేకుండా ఉత్త గుడ్డు, పాలతో చేసే కస్టర్డ్ అయితే మాత్రం మరగనివ్వకూడదు, అది వేరే సంగతి.

ఇంకొక్క మాట. అదే అమైలేజ్ మన లాలాజలంలోనూ ఉంటుంది. తీపి సరిపోయిందో లేదో చూద్దామని చెంచాతో నోట్లో వేసుకుని, అదే చెంచా మళ్లీ గిన్నెలో పెట్టామంటే ఆ కాస్త ఎంగిలితోనే కస్టర్డ్ పల్చబడటం మొదలవుతుంది. వంటింట్లో ఎంగిలి చేయొద్దని మా నాయనమ్మ ఎందుకు అంత పట్టుబట్టేదో, ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఎంతో గౌరవంగా గుర్తుకొచ్చింది. రుచి చూడాలంటే కొంచెం అరచేతిలో వేసుకుని చూడండి.

రెండోది పైనాపిల్. మీ అమ్మాయి పచ్చి పైనాపిల్, అంటే ఉడికించని తాజా పండు, కోసి వేసి ఉంటుంది, ఫిలిప్పీన్స్‌లో ఓనరమ్మ వేసింది డబ్బాలోది అయి ఉంటుంది. అక్కడ ఈ స్వీటుకు ఎక్కువమంది వాడేది డబ్బాల్లో వచ్చే పండ్ల ముక్కలే. పచ్చి పైనాపిల్‌లో బ్రోమలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. జెలటిన్ అంటే పూర్తిగా ప్రోటీనే, అందుకే పచ్చి పైనాపిల్ తగిలిన చోట అది ఎన్ని గంటలు ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టదు. పచ్చి బొప్పాయి, కివి కూడా ఇదే పని చేస్తాయి. డబ్బాలో నింపి సీలు వేసేటప్పుడు పైనాపిల్‌ను బాగా వేడి చేస్తారు కాబట్టి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, జెల్లీ నిలుస్తుంది. మీరు పచ్చి పైనాపిలే వాడాలనుకుంటే ముక్కలు కోసి రెండు చెంచాల చక్కెర వేసి బాగా ఉడుకు పట్టేదాకా ఓ ఐదారు నిమిషాలు ఉడికించి, చల్లార్చి వాడండి. పచ్చివి నేరుగా కస్టర్డ్ మీద పెడితే పాల ప్రోటీన్ కూడా విరిగి చేదు వస్తుంది.

ఇక మీరు చేయబోయేదాని గురించి. జెలటిన్ అసలు కొనకండి, చైనా గ్రాస్ కొనండి. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు, ఎందుకో నా అనుభవమే చెబుతాను. నాలుగేళ్ల కింద మే నెలలో మా ఆడబిడ్డ కొడుకు పుట్టినరోజుకు క్రేమా దె ఫ్రూతా చేసి హన్మకొండ నుంచి నర్సంపేటకు పట్టుకుపోయాను. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు ఎంత అందంగా ఉందంటే, మామిడి ముక్కలు పూరేకుల్లా పేర్చి, పైన జెలటిన్ పోసి, వెలుతురులో పెడితే గాజుపలకలా మెరిసింది. డబ్బాలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టి బస్సెక్కాను. అక్కడ దిగి మూత తీసేసరికి జెల్లీ అన్నదే లేదు. నీళ్లయి మూలలకు కారిపోయింది, అడుగు కేకు దాన్ని పీల్చుకుని మెత్తటి ముద్దయింది, పూరేకులు ఒకదాని మీద ఒకటి జారి ఓ పక్కకు చేరాయి. ఆ పిల్లాడు ఏమీ అనలేదు కానీ వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. జెలటిన్ ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అందుకే నోట్లో పెట్టగానే వెన్నలా కరుగుతుందని దాన్ని మెచ్చుకుంటారు. మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు. ఇక అది నిలిచేదెక్కడ?

చైనా గ్రాస్ అలా కాదు. సముద్రపు నాచు నుంచి తీస్తారు, ప్రోటీన్ కాదు కాబట్టి పైనాపిల్ దాన్ని ఏమీ చేయలేదు. ఒకసారి గడ్డకట్టిందంటే మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి. అంటే మన ఎండలు దాన్ని కరిగించలేవు. అసలు ఫిలిప్పీన్స్‌లోనే చాలా ఇళ్లలో ఈ స్వీటు పైన పోసేది ఇదే, వాళ్లు గులామన్ అంటారు. అదీ మనలాగే ఉక్కపోత దేశం కదా. జెలటిన్ జంతువుల తోలు, ఎముకల నుంచి వస్తుంది, అది తినని ఇళ్లకు కూడా చైనా గ్రాస్‌తో ఇబ్బంది లేదు. రంజాన్ రోజుల్లో వరంగల్ మండిబజార్‌లో తేలిగ్గా దొరుకుతుంది, మిగతా రోజుల్లో పెద్ద కిరాణా షాపుల్లో అడగండి.

చేసే పద్ధతి ఎనిమిది అంగుళాల చదరపు గిన్నెకు చెబుతున్నా. నాలుగు గుడ్లు, 120 గ్రాముల చక్కెర కలిపి బీటర్‌తో ఎనిమిది, పది నిమిషాలు గిలక్కొట్టండి. ఎంతవరకు అంటే బీటర్ పైకెత్తి కారే పిండితో గీత గీస్తే అది ముగ్గు గీత మాదిరి కొన్ని క్షణాలు పైన నిలవాలి, వెంటనే మునిగిపోతే ఇంకా కొట్టాలి. అందులో 120 గ్రాముల మైదా జల్లించి మూడు విడతలుగా వేస్తూ, అడుగు నుంచి పైకి తిప్పుతూ నెమ్మదిగా కలపండి, ఇక్కడ గబగబా కలిపితే ఇంతసేపు పట్టించిన గాలి అంతా పోతుంది. కొంచెం వెనీలా, చిటికెడు ఉప్పు. 180 డిగ్రీల దగ్గర ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. పూర్తిగా చల్లారాక అడ్డంగా రెండు పలకలుగా కోయండి, వేడి మీద కోస్తే చిరుగుతుంది. ముందురోజు చేసి పెట్టుకుంటే ఇంకా బాగా కోయొస్తుంది.

కస్టర్డ్‌కు అర లీటరు చిక్కటి పాలు. ఫిలిప్పీన్స్ వాళ్లు డబ్బా పాలు వాడతారు, మీరు మంచి బర్రెపాలు తెచ్చుకుంటే వాటికి ఏమాత్రం తీసిపోదు, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. నాలుగు పచ్చసొనలు, 90 గ్రాముల చక్కెర, నిండుగా మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలిపి, వేడి పాలు సన్నటి ధారగా పోస్తూ కలిపి, మళ్లీ పొయ్యి మీద పెట్టి పైన చెప్పినట్టు మరిగించండి. దించాక ఓ చెంచా వెన్న. మీగడ కట్టకుండా ప్లాస్టిక్ కవరు కస్టర్డ్‌కే అంటుకునేలా పరిచి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి.

ఒక పలక గిన్నెలో పరచి పంచదార నీళ్లు గానీ పండ్ల డబ్బాలోని తీపి నీళ్లు గానీ బ్రష్‌తో అద్దండి, పోయకండి. సగం కస్టర్డ్, రెండో పలక, మిగతా కస్టర్డ్. ఫ్రిజ్‌లో రెండు గంటలు. తర్వాత పండ్లు పేర్చండి. చైనా గ్రాస్ పొడి అయితే అర లీటరు నీళ్లకు ఒక చిన్న చెంచా, పోగులైతే 5 గ్రాములు. పోగుల్ని కాసేపు నానబెట్టి, చక్కెర వేసి, ఒక్క పోగు కూడా కనబడనంత వరకు మరిగించండి. నిమ్మరసం వేయాలనుకుంటే దించాకే వేయండి, పులుపుతో కలిపి మరిగిస్తే దాని పట్టు తగ్గుతుంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. చైనా గ్రాస్ 35, 40 డిగ్రీలకే గడ్డకడుతుంది, అంటే ఇంకా గోరువెచ్చగా ఉండగానే గిన్నెలోనే ఉండలు కట్టేస్తుంది. కాబట్టి వేలు పెడితే వేడిగా తగులుతూ, కాలకుండా ఉన్న దశలోనే పోయాలి. కేకును పావుగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి ఉంచండి, మంచులా ఉన్నదాని మీద పోస్తే జెల్లీ పండ్లను పట్టుకునేలోపే గడ్డకట్టి, కోసేటప్పుడు రేకులా ఊడొస్తుంది. ముందు చెంచాతో కొంచెం కొంచెం పండ్ల మీద వేసి, అవి కదలకుండా కూర్చున్నాక మిగతాది మెల్లగా పోయండి. అంత కష్టపడి పేర్చిన ముక్కలు తేలిపోతే చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నా.

ప్రశ్న: మేడమ్, మా ఫ్రెండ్ అక్కడి నుంచి పంపిన ఫొటోలో కేకు కింద, కారమెల్ కారుతూ నున్నటి కస్టర్డ్ పైన ఉంది. పండ్లు, జెల్లీ ఏమీ లేవు. ఇది కూడా క్రేమా దె ఫ్రూతానేనా?
డిగ్రీ విద్యార్థిని, కాజీపేట

జవాబు: కాదమ్మా, అది ఫ్లాన్ కేక్. రెండూ కేకు, కస్టర్డే అయినా పద్ధతి పూర్తిగా వేరు. క్రేమా దె ఫ్రూతాలో ఒక్కో పొర విడిగా చేసి పేరుస్తాం, ఫ్లాన్ కేకు మొత్తం ఒకే గిన్నెలో ఉడుకుతుంది.

గిన్నె అడుగున చక్కెర పాకం ఎర్రగా కాచి పోస్తారు, దాని మీద పచ్చసొనలు, కండెన్స్‌డ్ మిల్క్ కలిపిన లెచె ఫ్లాన్ పోస్తారు, ఆ పైన గాలి బాగా పట్టిన కేకు పిండి. కండెన్స్‌డ్ మిల్క్ ఉన్నది బరువు కాబట్టి కిందే ఉంటుంది, గాలి పట్టిన పిండి తేలిక కాబట్టి పైన తేలుతుంది. నీళ్ల గిన్నెలో పెట్టి ఓవెన్‌లో ఉడికించి, చల్లారాక పళ్లెంలో బోర్లిస్తారు. అప్పుడు మీ ఫొటోలో కనిపించినట్టు కేకు కిందికి, కస్టర్డ్ పైకి వస్తాయి.

లెచె అంటే స్పానిష్‌లో పాలు. ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ 1565 నుంచి 1898 దాకా ఏలింది, ఈ వంటలకు స్పానిష్ పేర్లు ఉన్నది అందుకే. క్రేమా దె ఫ్రూతా అన్నా పండ్ల క్రీమ్ అనే అర్థం. ఆ రోజుల్లో చర్చిలు కట్టేటప్పుడు సున్నంలో పట్టు కోసం కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారని, మిగిలిన పచ్చసొనలు పారేయలేక ఇలాంటి తీపి వంటలు చేసుకున్నారని అక్కడ చెప్పుకుంటారు. తర్వాత అమెరికా వాళ్లు వచ్చాక డబ్బా పాలు వచ్చాయి, వంట డబ్బా పాలకు మారింది. అంతకుముందు వాళ్లు వాడుకున్నవి బర్రెపాలే, వాళ్ల బర్రెను కారబావ్ అంటారు. లెచె ఫ్లాన్ మొదటిసారి తిన్నప్పుడు నాకు వెంటనే జున్ను గుర్తొచ్చింది. ఈనిన బర్రె మొదటి పాలలో బెల్లం, మిరియాలు, ఇలాచీ వేసి ఆవిరి మీద ఉడికిస్తే వచ్చే ఆ వణికే మెత్తదనం, చెంచా దిగేటప్పుడు వచ్చే ఆ నున్నటి కోత, రెండింటికీ ఒకటే. వేడి తగిలి ప్రోటీన్ గడ్డకట్టడమే రెండింటిలోనూ జరిగేది. మంట ఎక్కువైతే జున్ను ఎలా తూట్లు పడుతుందో ఫ్లాన్ కూడా అలాగే తూట్లు పడుతుంది. జున్ను బాగా చేసే చేతికి ఫ్లాన్ నేర్పక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, మా అత్తమ్మ గుడ్డు ముట్టదు. ఇంట్లో సోమవారం, శనివారం ఎవరమూ తినం. ఇది గుడ్డు లేకుండా అవుతుందా? కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డు ఉంటుందని మా తోడికోడలు అంటోంది, నిజమేనా?
గృహిణి, కరీంనగర్

జవాబు: మన దగ్గర దొరికే మామూలు కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డు ఉండదు. కార్న్‌ఫ్లోర్, రంగు, వెనీలా వాసన, అంతే. అసలు అది పుట్టిందే గుడ్డు పడని మనిషి కోసం. 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన, తన భార్యకు గుడ్డు పడదని ఆమె కోసం గుడ్డు లేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు. ఇంట్లో ఒక్క మనిషి తినలేకపోతోందని మొదలైన వంట ఇవాళ మన పెళ్లి విందుల్లో ఫ్రూట్ సలాడ్ దాకా వచ్చింది. నాకు ఈ కథ చాలా ఇష్టం. మీ అత్తమ్మకు కూడా చెప్పండి. అయినా డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసే కొనండి, అప్పుడు తోడికోడలికీ నమ్మకం కుదురుతుంది.

అర లీటరు పాలకు పెద్ద చెంచాతో నాలుగు చెంచాలు వేయండి, డబ్బా మీద రాసినట్టు వేస్తే ఫ్రూట్ సలాడ్‌కు సరిపోతుంది గానీ పొరగా నిలవదు. కేకుకు ఒక కప్పు గట్టి పెరుగు, ముప్పావు కప్పు చక్కెర, అర కప్పు నూనె బాగా కలిపి, ఒకటిన్నర కప్పు మైదా, ఒకటింపావు చిన్న చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా జల్లించి వేయండి. గుడ్డు కేకు అంత తేలిగ్గా రాదు, కొంచెం బరువుగా ఉంటుంది, అందుకే తీపి నీళ్లు ఇంకాస్త తక్కువ అద్దండి. పైన చైనా గ్రాసే కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు. ఇడ్లీ గిన్నె, కడాయి ఉన్నాయి. ఈ స్వీటు ఆశ వదులుకోవాల్సిందేనా?
ఇంటర్ విద్యార్థిని, మహబూబాబాద్

జవాబు: ఎందుకు వదులుకోవాలమ్మా! ఈ స్వీటులో ఓవెన్ పని కేకు వరకే. మందపాటి పాత కడాయిలో ఉప్పు గానీ శుభ్రమైన ఇసుక గానీ ఒక వేలు మందాన పరచి, చిన్న స్టాండ్ పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వు. తర్వాత కేకు గిన్నె పెట్టి సన్నమంట మీద ముప్పై అయిదు, నలభై నిమిషాలు ఉంచు. మొదటి ఇరవై అయిదు నిమిషాలు మూత తీయకు. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. పైన ఎర్రబడదు, పర్లేదు, దాని మీద కస్టర్డే కదా వచ్చేది. వాడిన ఉప్పు కూరల్లోకి పనికిరాదు, దీనికే దాచిపెట్టుకో. అదీ కుదరకపోతే బేకరీలో క్రీమ్ లేని సాదా స్పంజి తెచ్చుకుని పలకలు కోసుకో. ఫిలిప్పీన్స్‌లో కూడా ఇప్పుడు చాలామంది కేకు బదులు బిస్కెట్లు పేర్చి, మధ్యలో క్రీమ్, మామిడి పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేస్తున్నారు, దాన్ని మ్యాంగో ఫ్లోట్ అంటారు. పొయ్యి వెలిగించే పనే లేదు.

ప్రశ్న: అక్కా, నాకు చిన్న బేకరీ ఉంది. చిన్న డబ్బాల్లో దీన్ని అమ్ముదామని ఆలోచన. ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది? మా దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, అదొక టెన్షన్.
బేకరీ యజమాని, పరకాల

జవాబు: తమ్ముడూ, అమ్మే ముందు ఈ ఒక్కటి బాగా మనసులో పెట్టుకో. పాలు, గుడ్డు ఉన్న కస్టర్డ్ 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపు అందులో సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. ఫ్రిజ్ బయట మొత్తం కలిపి రెండు గంటలు దాటకూడదు, బయట ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఎండాకాలం అంతా ఆ ఒక్క గంట లెక్కే. చైనా గ్రాస్ పైన గట్టిగా నిలబడి చూడ్డానికి నవనవలాడుతూనే ఉంటుంది, కింద కస్టర్డ్ పాడైన సంగతి కంటికి తెలియదు. నేను చైనా గ్రాస్‌ను ఇంతగా మెచ్చుకున్నాను కాబట్టి ఈ ప్రమాదం కూడా నేనే చెప్పాలి. చూపును నమ్మొద్దు, గడియారాన్ని నమ్ము.

ఫ్రిజ్‌లో సరిగ్గా ఉంటే మూడు రోజులు. రెండో రోజుకే అమ్ముడుపోయేంతే చేయి. కౌంటర్ ఫ్రిజ్‌లో చిన్న థర్మామీటర్ వేలాడదీసి పెట్టుకో, ఖరీదు ఎక్కువేం కాదు. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంటే మూత వేసిన ఫ్రిజ్ ఓ నాలుగు గంటలు చల్లదనం పట్టి ఉంచుతుంది, కానీ గిరాకీ వచ్చినప్పుడల్లా తెరిచే కౌంటర్ ఫ్రిజ్‌కు ఆ లెక్క వర్తించదు. ఎక్కువసేపు కరెంటు లేని రోజు మిగిలినవి అమ్మకు. నష్టమే, నాకు తెలుసు. ఆ డబ్బా కొనేది ఎక్కువగా పిల్లల కోసమే కదా. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి దాచుకుందామని మాత్రం అనుకోకు, కార్న్‌ఫ్లోర్ కస్టర్డ్, చైనా గ్రాస్ రెండూ గడ్డకట్టి కరిగితే నీళ్లు వదిలేస్తాయి.

డబ్బాల్లో అరటిపండు వేయొద్దు, నల్లబడుతుంది. మామిడి, నల్లద్రాక్ష, దానిమ్మ గింజలు బాగుంటాయి.

ప్రశ్న: ఫిలిప్పీన్స్ కేకుల్లో ఊదా రంగు కస్టర్డ్ ఒకటి చూశాను, ఊబె అంటున్నారు. అది చిలగడదుంపేనా?
పాఠకుడు, మంచిర్యాల

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు, కాదు. ఊబె అంటే పెండలం జాతి దుంప, లోపల ఊదాగా ఉండే రకం. చిలగడదుంప వేరే కుటుంబం. ఊదా పెండలం దొరికితే ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, జల్లెడ పట్టి కస్టర్డ్‌లో కలపండి, కొంచెం కొబ్బరిపాలు పోస్తే వాసన ఇంకా బాగుంటుంది. ఉత్త రంగు, ఎసెన్స్ చుక్కలతో చేస్తే కంటికే గానీ నోటికి ఏమీ ఉండదు.

ప్రశ్న: ఏ మామిడి వాడాలి?
పాఠకురాలు, జగిత్యాల

జవాబు: మామిడికి పేరున్న జగిత్యాల నుంచి ఈ ప్రశ్న రావడం నాకు సంతోషంగా ఉంది. ఫిలిప్పీన్స్‌లో వాడేది కారబావ్ మామిడి, పేరు బర్రెదే. పీచు లేకుండా బాగా తియ్యగా ఉంటుంది, గిమరాస్ అనే దీవి కాయకు పేరెక్కువ. మన దగ్గర దానికి దగ్గరగా వచ్చేది బంగినపల్లి. కండ గట్టిగా ఉంటుంది, పీచుండదు, పలుచగా కోసినా ముక్క విరగదు. రసాలు తినడానికి ఎంత బాగున్నా దీనికి వద్దు, నీరు వదిలి కస్టర్డ్‌లోకి దిగుతాయి. పండు మరీ మెత్తబడకముందే, బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయే దశలో కోయండి. కోసిన ముక్కల్ని పావుగంట జల్లెడలో ఉంచి, శుభ్రమైన గుడ్డతో పైపైన అద్ది, అప్పుడు పేర్చండి.